సముద్రానికి సర్వే నంబర్లు

తమిళనాడులోని ఏళాయిరంపన్నై అనే ఊరి పేరులోనే ఒక లెక్క ఉంది. తమిళంలో ఏళాయిరం అంటే ఏడువేలు, పన్నై అంటే సాగుభూమి. అక్కడి నుండి కోవిల్‌పట్టి మీదుగా తూత్తుకుడి చేరి, రేవు దాటి పడవలో పోతే మన్నార్ సింధుశాఖ అడుగున తొళ్ళాయిరం పార్ అనే రాతిమిట్ట ఉంది. దాని పేరులోనూ తొమ్మిదివందలు అనే మాట వినిపిస్తుంది. మొదటి చోటికి పోవడానికి దారి అడిగితే ఎవరైనా చెబుతారు. రెండో చోటు నీటికింద ఉండటం వల్ల, పైన ఏ ఆనవాలూ లేకపోవడం వల్ల, అక్కడికి పడవ నడిపించడం తరతరాలుగా ఒక విద్యగా సాగింది; గడిచిన పాతిక ముప్పై ఏళ్ళలో ఆ విద్యలో పెద్ద భాగం అరచేతిలో పట్టే యంత్రం తెరమీద రెండు వరుసల అంకెలుగా మారిపోయింది.

మెట్టరైతుకు ఈ మార్పు అర్థం కావడానికి దగ్గరి పోలిక సర్వే నంబరే. కరిసల్ అని తమిళులు పిలిచే నల్లరేగడి నేలమీద శతాబ్దాల కిందట స్థిరపడి, ఇంట్లో ఇప్పటికీ తెలుగు మాట్లాడుతూ, చదువుసంధ్యలు తమిళంలో నడుపుకొనే కుటుంబాలకు చేను ఎక్కడుందో చెప్పడానికి ఊరిపేరు, సర్వే నంబరు, హద్దురాయి, గట్టుమీది వేపచెట్టు, పక్కచేని ఆసామి పేరు ఉంటాయి. సముద్రంలో వీటిలో ఏదీ నిలవదు. బోరు వేయించే ముందు నీళ్ళు ఎక్కడ పడతాయో చూపించే చోటును పాయింటు అంటారు. వేటకు పోయే పడవమీద కూడా చేప దొరికే చోటును పాయింటనే అంటున్నారు. రెండుచోట్లా కంటికి కనిపించని దానిమీద పందెం కాసి తాడు దించడమే పని కనుక, ఒకే మాట రెండింటికీ అతకడంలో ఆశ్చర్యం లేదు.

ఆ పాయింటును తెలిపే అంకెల జంటలో మొదటిది అక్షాంశం, అంటే భూమధ్యరేఖకు ఉత్తరంగానో దక్షిణంగానో ఎంత దూరమో చెప్పే కోణం. రెండోది రేఖాంశం, అంటే ఇంగ్లండులోని గ్రీనిచ్ మీదుగా పోయే సున్నారేఖకు తూర్పుగానో పడమరగానో ఎంత దూరమో చెప్పే కోణం. తూత్తుకుడి రేవు సుమారు 8 డిగ్రీల 48 నిమిషాల ఉత్తర అక్షాంశం మీద, 78 డిగ్రీలు దాటిన తూర్పు రేఖాంశం మీద ఉంది. డిగ్రీలో అరవయ్యో వంతు నిమిషం, నిమిషంలో అరవయ్యో వంతు సెకను. అక్షాంశంలో ఒక నిమిషపు దూరమే నాటికల్ మైలుకు ఆధారం, దాని పొడవు 1,852 మీటర్లు. ఒక సెకను దాదాపు 31 మీటర్లు. మన్నార్ సింధుశాఖ భూమధ్యరేఖకు దగ్గరగా ఉండటంతో అక్కడ రేఖాంశపు నిమిషం కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. కాబట్టి నిమిషాన్ని వెయ్యి భాగాలు చేసి చూపించే యంత్రం రెండు మీటర్ల కన్నా చిన్న గడిని కూడా పేరుపెట్టి పిలిచినట్టే లెక్క, అయితే ఆ గడిలోకి నిజంగా పడవను చేర్చగలదా అన్నది వేరే సంగతి.

అంత చిన్న గడులతో పనేమిటంటే, ఉప్పునీటి చేపలన్నీ సముద్రమంతటా సమానంగా పరచుకొని ఉండవు. తూత్తుకుడి ఎదుట సముద్రగర్భంలో ఎక్కువ భాగం ఇసుక, బురద. మధ్యమధ్య రాతిపలకలు, పాత పగడపు దిబ్బలు పైకి లేచి ఉంటాయి. ఆ గట్టినేలనే అక్కడి వాళ్ళు పార్ అంటారు. రాతికి నాచు, గుల్లలు, మెత్తటి జీవులు అతుక్కొని పెరుగుతాయి. వాటిని తినడానికి చిన్నచేపలు, చిన్నచేపల కోసం కలవా వంటి పెద్దచేపలు చేరతాయి. ఒక పార్ కొన్ని మైళ్ళ పొడవు ఉండవచ్చు, మరొకటి ఊరి చెరువంత కూడా ఉండకపోవచ్చు. గేలపుతాడుతో వేటాడే పడవ ఇలాంటి చిన్న పార్‌కు ఇవతల వంద మీటర్ల దూరంలో లంగరు వేస్తే, ఎర రోజంతా ఇసుకమీదే పడి ఉంటుంది.

ఒకప్పటి ముత్యాల వేటకు కూడా ఈ పార్‌లే ఆధారం. తీరానికి సుమారు 12 నుండి 20 కిలోమీటర్ల దూరంలో, 12 నుండి 25 మీటర్ల లోతున ఉన్న గట్టినేలలమీద ముత్యపుచిప్పలు పెరిగేవి. తామ్రపర్ణి ముఖద్వారాన ఉండి, ఇప్పుడు తీరానికి దూరమై లోపలికి ఒదిగిపోయిన కొర్కై పట్టణం ప్రాచీన పాండ్యుల కాలంలో ఆ వ్యాపారానికి రేవు. మద్రాసు ప్రభుత్వం తరఫున ఈ ముత్యపు పార్‌లను పరిశీలించిన జేమ్స్ హార్నెల్ 1905లో సమర్పించిన నివేదిక ఇప్పటికీ వాటి గురించిన ముఖ్య ఆధారాల్లో ఒకటి. సర్కారుకు ఆ పార్‌లు ఆదాయపు లెక్కల్లో ఉన్న ఆస్తి కనుక వాటికి పేర్లు, పటాలు, హద్దులు ఏర్పడ్డాయి. మామూలు చేపల పార్‌లకు ఆ గౌరవం దక్కలేదు. వాటి పటాలు మనుషుల తలల్లోనే ఉండిపోయాయి.

తలలో పటం గీసుకొనే పద్ధతి ఏ తీరంలోనైనా ఒకటే. పడవ మీద నుండి నేలవైపు చూస్తే దగ్గరి గుర్తు ఒకటి, దూరపు గుర్తు ఒకటి కనిపిస్తాయి. ఒక తాటితోపు అంచు వెనకనున్న గుడిగోపురంతో సరిగ్గా కలిసిపోయినప్పుడు పడవ ఆ రెండింటినీ కలిపే సరళరేఖమీద ఉన్నట్టు తెలుస్తుంది. ఆ రేఖ వెంటే పోతూ, పక్కకు తిరిగి మరో రెండు గుర్తులను, ఉదాహరణకు ఒక కొండకొమ్మునూ దీపస్తంభాన్నీ, గమనిస్తూ ఉంటే అవి కూడా ఒక్క సూటిలోకి వచ్చే క్షణం వస్తుంది. రెండు సూటిరేఖలు ఖండించుకున్న ఆ చోటే పాయింటు. రేఖలు ఒకదానికొకటి ఎంత అడ్డంగా ఉంటే చోటు అంత నిక్కచ్చిగా తేలుతుంది. గుర్తుల మధ్య ఎడం ఎంత ఎక్కువైతే పడవ రెండు బారలు పక్కకు జరిగినా కంటికి అంత త్వరగా తెలిసిపోతుంది. దక్షిణ కేరళ తీరంలో దీన్ని కణిచ్చం అంటారు. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర ఆధారరేఖ కొలిచి మొదలుపెట్టిన మహాత్రికోణమితి సర్వే దాదాపు అర టన్ను బరువున్న కోణమాపకాన్ని కొండలమీదికి, గోపురాలమీదికి మోయించి చేసిన పనికీ, తెప్పమీద నిలబడి ఒక మనిషి కళ్ళతో చేసిన పనికీ మూలసూత్రంలో దగ్గరి బంధుత్వం ఉందంటే అతిశయోక్తి కాదు. ఒకదానికి గ్రంథాలు పుట్టాయి, రెండోది కొడుక్కి చెప్పి ఊరుకున్న విద్య.

తూత్తుకుడిలో 1713 నాటి పనిమయ మాత ఆలయం, తిరుచెందూరు సుబ్రహ్మణ్యుని తొమ్మిది అంతస్తుల గోపురం, మణప్పాడు మెట్టమీది చర్చి, థర్మల్ విద్యుత్ కేంద్రపు పొగగొట్టాలు వంటివి సముద్రం నుండి చూసేవారికి సహజంగానే గుర్తులు. ఏళాయిరంపన్నై వైపు నుండి మొక్కుబడికి తిరుచెందూరు పోయేవారు తలెత్తి దండం పెట్టే గోపురమే అవతలివైపు నుండి చూసేవారికి కొలబద్ద కూడా కావచ్చన్నమాట. విశాఖపట్నం దగ్గర తెలుగు పల్లెకారులకు ఈ వసతి మరింత పుష్కలం, ఎందుకంటే తూర్పుకనుమలు అక్కడ సముద్రాన్ని ఆనుకొనే నిలబడతాయి: డాల్ఫిన్స్ నోస్, సింహాచలం కొండ, భీమిలి పావురాలకొండ. ఆ తీరపు జ్ఞానం ఒక్కసారి మాత్రం పుస్తకాల్లోకి గట్టిగా ఎక్కింది. విశాఖలో చేపలను సేకరించి పాట్రిక్ రస్సెల్ 1803లో ప్రచురించిన రెండువందల చేపల గ్రంథంలో స్థానికుల తెలుగు పేర్లే వాడటంతో, కానగుర్త అనే మాట తర్వాత శాస్త్రనామంలోకి చేరి, ఇవాళ ప్రపంచమంతటా ఆ చేప రాస్ట్రెల్లిగర్ కానగుర్తగా చలామణీ అవుతోంది. పేరు లోకమంతా పంచుకుంది, దాన్ని పట్టిన చోటు మాత్రం ఎవరూ చెప్పలేదు. పల్లెకారుల తెలివి అక్కడే ఉంది.

కంటిసూటికి లోపాలు లేకపోలేదు. మంచు, దుమ్ము, వాన తెర కట్టినప్పుడు నేల కనిపించదు. చెట్టు కొట్టేస్తే రేఖ చెరిగిపోతుంది, ఎదుట మేడ లేస్తే గుర్తు దాని వెనక దాక్కుంటుంది. తీరానికి మరీ దూరం పోతే గోపురమైనా నీటిలో మునిగిపోయినట్టే. జీపీఎస్ తొలగించినవి సరిగ్గా ఈ లోపాలనే. అమెరికా రక్షణశాఖ నిర్మించి 1995 నాటికి పూర్తిస్థాయిలో పనిచేయించిన ఈ ఏర్పాటులో ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తామెక్కడున్నదీ, సమయమెంతైనదీ రేడియో తరంగాల ద్వారా నిరంతరం చెబుతూ ఉంటాయి. ఆ తరంగం చేరడానికి పట్టిన కాలాన్నిబట్టి యంత్రం దూరం లెక్కకడుతుంది. కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి: మూడు చోటు తేల్చడానికి, నాలుగోది యంత్రంలోని చవక గడియారపు తప్పును సరిదిద్దడానికి. పౌరుల యంత్రాలకు అందే సంకేతంలో అమెరికా కావాలని కలిపిన లోపాన్ని 2000 మే నెల ఆరంభంలో తీసివేయడంతో, అంతవరకు వంద మీటర్ల దాకా తప్పే చోటు పది మీటర్ల చుట్టుపక్కలకు దిగివచ్చింది. చెట్లూ మేడలూ అడ్డులేని సముద్రమే ఈ యంత్రానికి అనువైన చోటు కూడా. వంద మీటర్ల తప్పుతో చిన్న పార్ దొరకదు, పది మీటర్ల తప్పుతో దొరుకుతుంది. వేటకు సంబంధించినంతవరకు అసలు మలుపు ఆ తేదీయే.

అంకెలు ఉంటే చాలదనడానికి ఒక చిన్న లెక్క చూడవచ్చు. ఒక పడవమీద పాయింటును 8 డిగ్రీల 48.500 నిమిషాలని రాసుకున్నారనుకుందాం. దశాంశ బిందువు తర్వాత ఉన్నది నిమిషంలో సగం, అంటే 30 సెకన్లు. దాన్ని మరో పడవవారు తమ యంత్రంలో 8 డిగ్రీల 48 నిమిషాల 50 సెకన్లుగా ఎక్కిస్తే తేడా 20 సెకన్లు. పడవ ఉత్తరంగా 600 మీటర్లకు పైగా తప్పి, ఇసుకమీద లంగరు వేస్తుంది. ఫోను చూపించే డిగ్రీల దశాంశంతో ఇంకా పెద్ద పొరపాటు జరుగుతుంది. 8.48 డిగ్రీలంటే 8 డిగ్రీల 28.8 నిమిషాలు, దాన్ని 8 డిగ్రీల 48 నిమిషాలుగా చదివితే తప్పు సుమారు 35 కిలోమీటర్లు, తిరుచెందూరు ఎదుట తేలవలసిన పడవ తూత్తుకుడి ఎదుటే తిరుగుతుంది. పాత పటాలనుండి అంకెలు ఎత్తి రాసేవారికి మరో చిక్కు ఉంది. భారతదేశపు పాత సర్వే పటాలు 1830లో జార్జి ఎవరెస్టు లెక్కగట్టిన భూగోళాకృతిని ఆధారం చేసుకున్నవి, జీపీఎస్ యంత్రం వేరే ఆకృతిని వాడుతుంది; ఒకే బిందువుకు రెండు లెక్కల్లో వచ్చే అంకెలమధ్య ఈ ప్రాంతంలో వంద మీటర్లకు మించిన ఎడం వస్తుంది. యంత్రమూ తప్పు కాదు, పటమూ తప్పు కాదు, చేప మాత్రం పడదు.

అంకె సరైనదే అయినా ఆఖరి యాభై మీటర్లు మనిషివే. ఇరవై మీటర్ల లోతున్న చోట తెరమీద పాయింటు వచ్చిందని అక్కడే లంగరు జారవిడిస్తే, లంగరు నేల పట్టేందుకు లోతుకు మూడు నాలుగు రెట్ల తాడు వదలాలి కాబట్టి పడవ గాలితోను నీటివాలుతోను వెనక్కు పోయి పాయింటుకు అరవై డెబ్భై మీటర్ల దిగువన నిలుస్తుంది. అందువల్ల ఎరిగినవారు ముందు ఇంజను నెమ్మదింపజేసి, పడవ ఎటు కొట్టుకుపోతున్నదో చూసి, అంత దూరమూ ఎదురెక్కి లంగరు వేసి, తాడు వదులుతూ పాయింటు మీదికి జారతారు. తోడుగా ఎకో సౌండర్ ఉంటుంది. అది పడవ అడుగునుండి ధ్వనిని కిందికి పంపి, సముద్రగర్భాన్ని తాకి తిరిగివచ్చిన ప్రతిధ్వనిని తెరమీద గీస్తుంది. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగంతో పోతుంది కనుక ఇరవై మీటర్ల లోతు నుండి జవాబు రెప్పపాటు కన్నా ముందే వస్తుంది. బురదనేల మసకగా, రాతినేల గట్టిగా, ఒక్కోసారి రెండో ప్రతిధ్వనితో సహా కనిపిస్తుంది. పూర్వం ఈ పని సీసపు గుండు కట్టిన తాడు చేసేది: లోతు బారల్లో తెలిసేది, గుండు రాతిమీద పడిందో బురదలో దిగిందో చేతికే తెలిసేది.

జీపీఎస్ తెచ్చిన అసలు మార్పు కచ్చితత్వం కన్నా నకలు తీసుకోగలగడం. నాలుగు గుర్తుల సూటి నేర్వాలంటే ఏళ్ళతరబడి ఆ పడవలోనే కూర్చోవాలి; అంకెల జంట నకలు కావడానికి ఒక్క ఫోను సందేశం చాలు. చేనుకు సర్వే నంబరు ఉంటే దాని వెనక పట్టా ఉంటుంది, నంబరు తెలిసినంత మాత్రాన ఎవరూ వచ్చి దున్నుకోలేరు. సముద్రంలో నంబరు ఉంది, పట్టా లేదు. పార్‌ను మొదట వెతికి పట్టినవాడికి దానిమీద చట్టబద్ధమైన హక్కేదీ లేనప్పుడు రహస్యమే అతని పట్టా. అంకె బయటపడ్డాక అదీ పోతుంది. తిరువనంతపురం తీరంలో చిన్న పడవలవారు కొబ్బరిమట్టలు, రాళ్ళు వంటివి ముంచి తామే కృత్రిమ పార్‌లు కట్టుకున్న ఉదాహరణలు 1980లలోనే నమోదయ్యాయి, అంటే కొత్త పాయింటును పుట్టించడం కూడా ఈ విద్యలో భాగమే. తర్వాత ప్రభుత్వాలు, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కాంక్రీటు దిమ్మెలతో ఈ పని చేపట్టాయి. దించిన దిమ్మెలను మళ్ళీ కనుక్కోవడానికి అంకెలే దిక్కు. ట్రాలు వలవారికి ఈ అంకెలే తలకిందులుగా పనికివస్తాయి, రాతికి చిక్కి వల చిరగకుండా తప్పుకోవలసిన చోట్లు అవే కనుక.

ఇంతవరకు చెప్పినదంతా కదలని చోట్ల గురించి. కవ్వలు, కానగుర్తలు, సూరచేపలు పార్‌ను పట్టుకొని కూర్చునేవి కావు. వాటి చోటు నీటితోపాటు మారుతుంది. ఆ చోటును వెతికే పని సముద్రం కనుచూపుమేరలో లేని హైదరాబాదులో జరుగుతోంది. 1999లో ఏర్పడి, ఇప్పుడు భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ కింద ప్రగతినగర్‌లో ఉన్న భారత జాతీయ సముద్ర సమాచార సేవాకేంద్రం, అంటే ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు పంపే రెండు రకాల చిత్రాలను పరిశీలిస్తుంది. ఒకటి నీటి ఉపరితల ఉష్ణోగ్రత. రెండోది క్లోరోఫిల్, అంటే నీటిలో తేలే సూక్ష్మమొక్కల ఆకుపచ్చ వర్ణకం. చల్లని నీరూ వెచ్చని నీరూ ఒరుసుకొనే అంచుల్లో పోషకాలు పైకి వచ్చి, సూక్ష్మమొక్కలు పెరిగి, వాటివెంట చేపల మందలు చేరే అవకాశం ఉంది కాబట్టి, ఆ అంచులను చేపలు దొరకగల ప్రాంతాలుగా గుర్తించి ఒక్కొక్క తీరకేంద్రం పేర సూచన పంపుతారు. ఆ సూచనలో ఏ దిక్కుకు, ఎన్ని డిగ్రీల కోణంలో, ఎన్ని కిలోమీటర్లు పోవాలి, అక్కడ లోతెంత, అక్షాంశ రేఖాంశాలెంత అన్నవి తెలుగు, తమిళంతో సహా తీరభాషల్లో ఉంటాయి.

దీన్ని పాయింటుగా భావించి పోయేవారికి నిరాశ తప్పదు. ఉపగ్రహం నీటి పైపొరను మాత్రమే చూస్తుంది. మబ్బు పడితే అదీ లేదు. సూచన ఆయుష్షు రెండు మూడు రోజులు, ఆలోగా నీటివాలు ఆ అంచును పక్కకు తోసేయవచ్చు. అడుగున రాతిసందుల్లో ఉండే కలవా గురించి క్లోరోఫిల్ ఏమీ చెప్పలేదు. అయినా వెతుకులాటలో తగలబడే డీజిలు తగ్గినా అది పడవకు లాభమే. ఒకే సూచనతో పడవలన్నీ ఒకే అంచుమీద పడితే ఏమవుతుందన్న ప్రశ్నకు ఆ సూచనలో చోటు లేదు. దానికి సమాధానం తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు యాంత్రిక పడవలు ఆపివేసే 61 రోజుల నిషేధం వంటి నిబంధనల్లో వెతుక్కోవాలి.

ఎక్కడికి పోవాలో చెప్పిన అంకెలే ఎక్కడికి పోకూడదో కూడా చెబుతాయి. తమిళనాడు 1983 నాటి సముద్ర మత్స్య నియంత్రణ చట్టం తీరం నుండి మూడు నాటికల్ మైళ్ళ లోపలి నీటిని చిన్న పడవలకు వదిలింది. రామేశ్వరం, తూత్తుకుడి మధ్యనున్న 21 దీవులను కలుపుకొని 1986లో ప్రకటించిన మన్నార్ సింధుశాఖ సముద్ర జాతీయ ఉద్యానంలో వేట నిషిద్ధం. ఆ పైన భారత, శ్రీలంకల మధ్య 1976 ఒప్పందం మన్నార్ సింధుశాఖలో గీసిన సరిహద్దు ఉంది. అది కంచె కాదు, బురుజు కాదు, కాగితంమీద వరుసగా రాసిన అక్షాంశ రేఖాంశాల జంటలు. గోపురాన్ని చూసి చోటు తెలుసుకొనే మనిషికి ఆ గీత ఎక్కడుందో తెలియడానికి మార్గమే లేదు. యంత్రంలో ఆ జంటలు ఎక్కించి పెట్టుకున్నవాడికి దగ్గరపడగానే బీప్ మోగుతుంది. బీప్ మోగినా చేప అవతలే ఉందని పోయేవారూ ఉన్నారు, ఇంజను చెడి గాలికి కొట్టుకుపోయినవారూ ఉన్నారు. ఉత్తరాంధ్ర నుండి వలసపోయి గుజరాత్ పడవలమీద పనిచేస్తూ 2018 నవంబరులో పాకిస్తాన్ చేతికి చిక్కిన మత్స్యకారుల్లో అత్యధికులు 2020 జనవరిలో వాఘా వద్ద దేశంలో అడుగుపెట్టారు. ఆ ఉదంతం ఆధారంగా వచ్చిన సినిమాకు పడవ పెద్దను సూచించే తండేల్ అనే మాటనే పేరుగా పెట్టడంతో, తీరం ఎరగని తెలుగువారికి కూడా ఆ మాట తెలిసింది.

తీరానికి దూరంగా ఫోను పనిచేయదన్న సంగతి 2017 నవంబరు చివర ఓఖీ తుపాను చాలా ఘోరంగా చూపించింది. తిరిగిరమ్మన్న కబురు నడిసముద్రంలోని పడవలకు అందలేదు. తర్వాత 2019 అక్టోబరులో విడుదలైన జెమిని పరికరం గగన్ అనే భారత ఉపగ్రహ వ్యవస్థ ద్వారా హెచ్చరికలను, చేపల సూచనలను మత్స్యకారుని ఫోనుకు చేర్చేలా రూపొందింది. అది వినిపిస్తుంది, తిరిగి మాట్లాడనివ్వదు.

ఇక తొళ్ళాయిరం పార్ విషయం. తూత్తుకుడి తీరంలో ప్రభుత్వం నడిపిన ముత్యాల వేట 1961తో ఆగిపోయింది. చిప్పలు ఒక దశాబ్దం విరివిగా పెరిగి, మరికొన్ని దశాబ్దాలు కనిపించకుండా పోవడం అక్కడ పూర్వం నుండీ ఉన్నదే. తూత్తుకుడిలో 1970లలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ చిప్పలో ముత్యాన్ని పెంచే పద్ధతిని సాధించింది గాని, ఒకప్పుడు వందలాది పడవలు చేరిన ముత్యాల వేట మళ్ళీ రాలేదు. ఆ పార్ ఎక్కడుందో ఇప్పుడు ఎవరి రహస్యమూ కాదు, ఏ యంత్రమైనా నేరుగా దాని మీదికే తీసుకుపోతుంది. అక్కడ దిగిన గేలానికి తగిలితే చేప తగులుతుంది.